సముద్రానికి రిహార్సల్

డ్రిల్లు మాస్టారి బావగారికి ఒకే ఒక్క పిచ్చి ఉంది. ఏ పనైనా సరే, ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకుంటే గాని అసలు పనికి చెయ్యి వెయ్యడు. దాన్ని ఆయన రిహార్సల్ అంటాడు. ఇంట్లోవాళ్ళు వేరే మాటలు అంటారు గాని, అవి ఆయన ముందు అనరు.

ఆయనకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. కొత్త జోడు కావాలని వచ్చినవాడికి అద్దాలు లేని ఉత్త ఫ్రేము తగిలించి, వీధి చివరిదాకా నడిచి రమ్మంటాడు. ముక్కు అలవాటు పడాలట. ఒకసారి పన్ను పీకించుకోవలసి వస్తే, ముందురోజే వెళ్ళి డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కాసేపు కూర్చుని, థాంక్స్ చెప్పి ఇంటికి వచ్చేశాడు. ఏమీ పీకకుండానే ఈయన్ని ఎందుకు పంపించానో ఆ డాక్టరుకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇల్లు మారినప్పటి సంగతి ఇంకా బాగుంటుంది. బీరువాను పై అంతస్తు నుంచి దించాలి. మాస్టారితో కలిపి నలుగురిని పిలిచి, ముందు బీరువా లేకుండా దించమన్నాడు. నలుగురు మగాళ్ళు ఖాళీ చేతులు చాపి, నడుములు వంచి, ఒక్కో మెట్టూ దిగుతుంటే, ఆయన వాళ్ళ ముందు వెనక్కి నడుస్తూ మలుపు దగ్గర జాగ్రత్త, గోడ గీరుకుంటుంది అని హెచ్చరిస్తున్నాడు. ఎదురొచ్చిన కింది వాటా ఆవిడ గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చింది. లేని బీరువాకు దారెందుకు ఇచ్చానా అని ఆవిడకు మర్నాటికి గాని తోచలేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, అసలు బీరువా దిగినప్పుడు గోడ సున్నం చిటికెడు కూడా రాలలేదు.

ఇలాంటి మనిషి పడవ కొన్నాడు.

చిన్న ఫైబరు పడవ, వెనక మోటారు. నలుగురు ఎక్కితే ఐదోవాడి గురించి ఆలోచించాలి. అందులో తీరం వెంబడే పోయి, ఎగువ రేవులో ఉద్యోగం చేస్తున్న మాస్టారి కూతుర్ని చూసి రావాలని భోజనాల దగ్గర తేలింది. తెల్లారి బయల్దేరితే పొద్దుగూకే లోపల చేరుకునే దారి. నిజానికి ముందు మాట ఇచ్చింది మాస్టారే. ఎప్పుడూ బస్సులోనే వస్తావేం నాన్నా, మామయ్య పడవ కొన్నాడుగా, సముద్రం మీద రా, నేను రేవులో నిలబడి చూస్తాను అని కూతురు ఫోనులో అంటే, "వస్తానమ్మా, అదెంత పని" అనేశాడు. ఆ మాట అప్పటినుంచీ ఆయన గొంతులో అడ్డం పడే ఉంది.

ఎందుకంటే మాస్టారికి సముద్రమంటే భయం. ఈ సంగతి తనకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. తెలిసినా ఎవరూ నమ్మరు. ఆయన ఈల వేస్తే మైదానం ఈ చివర నుంచి ఆ చివరదాకా పిల్లలు కర్రల్లా బిగుసుకుపోతారు. స్కూలు ఈతకొలనులో కొన్ని తరాల పిల్లలకు ఈత నేర్పింది ఆయనే. అయితే ఆ కొలను అడుగున నీలం పలకలుంటాయి, పైనుంచి చక్కగా కనపడతాయి. అడుగు కనపడని నీళ్ళ మీదికి వెళితే మాత్రం ఆయన మోకాళ్ళు ఆయన మాట వినవు. భయపడొద్దని జీవితమంతా ఇతరులకు చెప్పినవాడికి భయం వేస్తే, వెళ్ళి చెప్పుకోవడానికి ఎవరుంటారు? మాస్టారు ఆ భయాన్ని ఒంటరిగానే మోస్తూ వచ్చాడు.

అందుకే బావగారు పడవను పెరట్లో ట్రెయిలర్ మీదే ఉంచి రిహార్సల్ మొదలుపెడితే, అందరికంటే గట్టిగా నవ్వింది మాస్టారే. లోపల అందరికంటే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నదీ ఆయనే.

ప్రతి ఆదివారం ఇద్దరూ లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవ ఎక్కేవారు. మాస్టారి అక్క స్టూలు మీద నిలబడి గొట్టంతో నీళ్ళు చిమ్మేది. అవి అలలు. ఇంకాస్త ఎడమనుంచి కొట్టు, మధ్యాహ్నం గాలి అటునుంచే లేస్తుంది అని బావగారు పురమాయించేవాడు. ఆరేసిన బట్టలు తడిసిపోతాయని అక్క సముద్రాన్ని కట్టేసి వెళ్ళి, బట్టలు తీసుకున్నాక మళ్ళీ తెరిచేది. ఆ తర్వాత మనిషి నీళ్ళలో పడితే ఏం చెయ్యాలో సాధన. బావగారు గడ్డిలోకి దొర్లి చేతులాడిస్తూ ఈదుతుంటే మాస్టారు తాడు విసిరి లాగాలి. ఒకసారి పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, సాయం రమ్మంటారా అని అడిగాడు.

"మీకు ఈత వచ్చా?" అన్నాడు బావగారు గడ్డిలోంచి.

"రాదండీ."

"అయితే ఒడ్డునే ఉండండి."

ఇక భోజనాల బల్ల మీద తీరం పటం పరుచుకుంది. ఆ పటం అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. పొద్దున సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది కాబట్టి ఎక్కువ దూరం ముందే పోవాలి. ఏరు సముద్రంలో కలిసే మొగ, ఆ తర్వాత లైట్‌హౌస్, ఆ తర్వాత పెట్రోలు దొరికే జాలర్ల రేవు, ఆపైన కూతురుండే ఊరు. ఏ చోట గాలి ఎక్కువైతే ఏ ఒడ్డుకు చేరాలో బావగారు పటం మీద వేలితో చూపించి, మాస్టారి చేత తిరిగి చెప్పించేవాడు. అంతా సిద్ధమయ్యేసరికి, మళ్ళీ ఒక్కసారి చూసుకుందామనేవాడు.

వారాలు గడిచిపోయాయి. ఎప్పుడొస్తావు నాన్నా అని కూతురు అడిగినప్పుడల్లా మాస్టారు, మీ మామయ్య సంగతి తెలుసుగా అని తప్పించుకునేవాడు. బావగారు పక్కనే ఉండి కూడా కాదనేవాడు కాదు. పైగా ఫోను అందుకుని, ఆలస్యమంతా నాదేనమ్మా, నాకింకా ధైర్యం చాలడం లేదు అనేవాడు. బావగారు పడవ కొని పిరికితనం కూడా కొనుక్కున్నాడని చుట్టాలంతా నవ్వుకున్నారు.

ఒకరోజు కూతురే చెప్పింది, నెలాఖరుకు తనను లోపలి ఊరికి మారుస్తున్నారని. "అక్కడికి పడవలు రావు నాన్నా. పోనీలే, బస్సులోనే రా." ఆ "పోనీలే" మాస్టారిని రాత్రంతా పొడుస్తూనే ఉంది. కూతురికి ఇచ్చిన మాట తప్పడం ఒక ఎత్తు. తప్పుతాడని ఆమె ముందే సర్దుకుపోవడం ఇంకో ఎత్తు.

మర్నాడు పొద్దున్నే బావగారు తలుపు తట్టాడు. ఇవాళ నీళ్ళ మీద రిహార్సల్, ఏటి మొగ దాకా పోయి రావడమే అన్నాడు. ఏరంటే రెండు ఒడ్లూ కనపడుతూనే ఉంటాయి. మాస్టారు సరేనన్నాడు.

మొగ దగ్గర బావగారు స్టీరింగు మాస్టారికిచ్చి, బయట అల మీద పడవ ఎలా ఉంటుందో ఒక్కసారి చూసి తిరిగొద్దామన్నాడు. చూశారు. బాగానే ఉంది. లైట్‌హౌస్ కనపడుతూనే ఉందిగా, అక్కడిదాకా పోతే రిహార్సల్ నిండుగా ఉంటుందన్నాడు. లైట్‌హౌస్ దాటాక, పెట్రోలు పట్టడం కూడా రిహార్సల్‌లో భాగమేగా అన్నాడు. మాస్టారు ప్రతిసారీ, ఇది ఉత్తుత్తిదేగా అని తనకు తాను చెప్పుకుని ముందుకు పోనిచ్చాడు. పడవ కింద అడుగు లేని నీళ్ళు నల్లగా కదులుతున్నాయి. భయం పోలేదు, పక్కనే కూర్చుంది, కాకపోతే ఎక్కువ మాట్లాడడం లేదు.

జాలర్ల రేవు దాటిన కాసేపటికి గాలి లేచింది. ఎడమనుంచి అల వస్తే మాస్టారు వేగం తగ్గించి పడవ ముక్కును కాస్త అటు తిప్పాడు, అది మెల్లగా ఎక్కి దిగింది. అలాంటివి ఇంకా వచ్చాయి. వాటినీ అలాగే దాటించాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే రేవు కనపడలేదు.

"ఇది రిహార్సల్ కాదు కదా బావా?"

"కాదు."

"ఎప్పటినుంచి కాదు?"

"నువ్వు స్టీరింగు పట్టుకున్నప్పటినుంచి. వెనక్కి పోదామంటే ఇప్పుడైనా పోదాం, పెట్రోలు ఉంది. నువ్వు ఎటు తిప్పితే అటు."

మాస్టారు స్టీరింగు తిప్పలేదు. నా భయం సంగతి నీకు ముందే తెలుసా అని అడిగాడు.

"ఒకసారి అందరం సముద్రానికి వెళితే నువ్వు పొద్దుపోయేదాకా చెప్పులకు కాపలా కూర్చున్నావు. చెప్పులకు ఎవడూ అంతసేపు కాపలా కాయడోయ్."

"మరి నన్ను అడగలేదేం? అందరూ నిన్ను పిరికివాడని నవ్వుతుంటే పడి ఊరుకున్నావు."

"నన్ను చూసి ఎలాగూ నవ్వుతారు. ఇంకో కారణం దొరికింది, అంతే. నీకు అలవాటు లేదు కదా."

మాస్టారికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఉప్పునీళ్ళు చిందుతున్నాయి కాబట్టి తుడుచుకోవడానికి మొహమాటపడలేదు. ఇంత ప్రేమ ఉన్న మనిషిని ఇన్నేళ్ళూ చాదస్తుడని అనుకున్నందుకు ఆయనకు సిగ్గేసింది.

ఎండ మెత్తబడే వేళకు ఎగువ రేవు కనపడింది. బావగారు ముందే ఫోను చేసి ఉంచాడు, మాస్టారి కూతురు గట్టు చివర నిలబడి చెయ్యి ఊపుతోంది. పడవ దగ్గరికి రాగానే భయమేసిందా మామయ్యా అని నవ్వుతూ అడిగింది.

"ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చానమ్మా" అన్నాడు బావగారు వెంటనే. "మీ నాన్న ఉండబట్టి బతికాను."

మాస్టారు తాడు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అబద్ధమమ్మా. భయం నాకు. మొదట్నుంచీ నాకే. మామయ్య నా బదులు పిరికివాడి వేషం వేశాడు. దారంతా భయపడుతూనే వచ్చాను. అయినా వచ్చాను."

కూతురి ముఖం, తండ్రి ఏళ్ళ తరబడి బస్సు దిగినప్పుడు ఎన్నడూ చూడని విధంగా వెలిగిపోయింది. బావగారికి మాత్రం కాస్త కష్టం కలిగింది.

"అంత మాట రిహార్సల్ లేకుండా అనేశావేమోయ్" అన్నాడు.

"నాన్నా, తాడు ఇటు విసురు" అంది కూతురు రెండు చేతులూ చాపి.

మాస్టారు విసిరాడు. మొదటిసారి నీళ్ళలో పడింది. రెండోసారి ఆమె పట్టుకుంది.