అనంతరామయ్య పంపిన కాపీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉత్తరం కాపీ ఎవరికో పంపడం మరిచిపోయి అనంతరామయ్య పై ఆఫీసరు చేత నానా చీవాట్లూ తిన్నాడు. అప్పటినుంచి ఆయన చేతి మీదుగా బయటికి పోయిన ఏ కాగితమూ ఒంటరిగా పోలేదు. ఉత్తరం అడుగున 'కాపీ టు' అని రాసి, దాని కింద సంబంధం ఉన్నవాళ్లనీ, సగం సంబంధం ఉన్నవాళ్లనీ, రేపెప్పుడైనా 'మాకెందుకు చెప్పలేదు' అని అడగగలిగినవాళ్లనీ వరసగా నిలబెట్టేవాడు. వెనకాల అందరూ 'కాపీ టు రామయ్య' అనుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కోపం రాకపోగా లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

బాపట్ల నుంచి టైపిస్టుగా ఢిల్లీ వచ్చి, ప్రభుత్వ క్వార్టర్లలో సగం జీవితం గడిపి, చివరికి ద్వారకలో ఒక సొసైటీలో మూడో అంతస్తు ఫ్లాటు కొనుక్కున్నాడు. ఆయన పనిచేసేది భూగర్భ జలాల లెక్కలు చూసే ఆఫీసులో. సెక్షన్ ఆఫీసరు దాకా ఎదిగాడు. సమాచార హక్కు చట్టం వచ్చినప్పుడు ఆఫీసర్లంతా ఆ పని నాకొద్దంటే నాకొద్దని తప్పుకుని, ప్రజలు అడిగిన లెక్కలు ఇచ్చే కుర్చీని ఈయనకు అంటగట్టారు. ఆయన మాత్రం దాన్ని గౌరవంగానే అందుకున్నాడు. రూలు ప్రకారం నడిచేవాడికి ఏ కుర్చీలోనూ భయం ఉండదని ఆయన నమ్మకం.

రెండువేల ఏడు వేసవిలో ఆ కుర్చీ ముందుకు ప్రణతి వచ్చింది. జనగామ పిల్ల. ఎం.ఫిల్. చేస్తూ మునిర్కాలో ఒక ఇరుకు గదిలో అద్దెకుంటోంది. బల్ల మీద తెలుగు పంచాంగం చూసి ఆమె ప్రాణం లేచొచ్చింది.

"అంకుల్, ఎన్ని ఆఫీసులు తిరిగిన్నో లెక్కలేదు. వెబ్‌సైట్ల ఉంది చూసుకోమంటరు. చూస్తే రాష్ట్రం మొత్తానికి ఒక్కటే అంకె ఉంటది. పుస్తకం కావాలంటే స్టాకు లేదంటరు. లైబ్రరీకి పోతే తాళం."

"తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడంటారు, అవునా?" అన్నాడు అనంతరామయ్య.

ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుతో ఇద్దరికీ స్నేహం కలిసింది.

ఆమెకు కావలసింది చిన్నదే. యమునకు అవతల, యూపీలోని ఘాజియాబాద్ వైపు, ప్రైవేటు టాంకర్ల వాళ్లు తమ బోర్ల నుంచి నెలనెలా ఎంత నీరు తోడుతున్నారో ఈ ఆఫీసుకు లెక్క పంపాలి. ఆఫీసు ఎప్పుడో అచ్చేసి, ఆమెకు యూనివర్సిటీలో దొరికిన ఒక పాత పట్టికలో ఒక ఆసామి లెక్క వింతగా ఉంది. మండుటెండల్లోనూ ఒకటే అంకె, జోరువానల్లోనూ అదే అంకె. ఆయన బోర్ల చుట్టుపక్కల ఇళ్ల బోర్లు మాత్రం ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. ఆ ఆసామి సంతకం పెట్టి పంపిన అసలు లెక్కలు చూడాలని ఆమె పట్టుదల.

"అమ్మా, 'ఎందుకు' అని మాత్రం అడక్కు. ఎందుకు అన్నదానికి ప్రభుత్వం జవాబు చెప్పదు. 'ఫలానా కాగితం నకలు ఇప్పించండి' అని అడుగు. నకలు ఇవ్వడం మాకు వచ్చు," అన్నాడాయన. దరఖాస్తు ఎలా రాయాలో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పూర్తి పేరు, మునిర్కా గది నంబరు, ఎన్నో అంతస్తో, మొబైలు నంబరు. జవాబు పోస్టులో తప్పిపోకూడదు కదా అని అవన్నీ రాయించింది ఆయనే.

ఆమె వెళ్లాక అనంతరామయ్య తన పని మొదలుపెట్టాడు. వేరొకరు ఇచ్చిన లెక్కలు బయటపెట్టే ముందు వాళ్లకు నోటీసు పంపి అభ్యంతరం ఉందేమో కనుక్కోవాలని చట్టంలో ఉంది. నోటీసు రాశాడు. చట్టం అడిగింది అంతవరకే. కానీ నోటీసు ఒక్కటే బోసిగా కనిపించింది. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు. 'తమ సౌలభ్యం కోసం దరఖాస్తు కాపీ జతపరచడమైనది' అని ఒక వాక్యం చేర్చి, ప్రణతి దరఖాస్తు జిరాక్సు తీయించి, పిన్ను గుచ్చి టాంకర్ల ఆసామికి పంపించేశాడు. ఆ సాయంత్రం ఎంతో తృప్తిగా ఇంటికి వెళ్లాడు.

కొన్నాళ్లకు ప్రణతి మళ్లీ వచ్చింది. ఈసారి నవ్వు లేదు. కుర్చీలో కూర్చుని సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"నా గది ముంగట ఎవరో మంచినీళ్ల క్యాను పెట్టిపోతున్నరు అంకుల్. సీలు కూడ తియ్యలేదు. నేను తెప్పియ్యలే. మొదట పొరపాటున పెట్టిన్రనుకున్న. తెల్లారి ఇంకొకటి. నిన్న ఇద్దరు వచ్చిన్రు. మంచిగనే మాట్లాడిన్రు. 'దీదీ, మీరు నీళ్ల మీద చదువుతున్నరంట కదా, తాగండి, మా సేఠ్ పంపిండు' అన్నరు. ఒకని చేతిల నా దరఖాస్తు ఉంది. నా చేతిరాత నాకు తెల్వదా?"

అనంతరామయ్య బల్ల మీది పంచాంగాన్ని అటు జరిపి ఇటు పెట్టాడు.

"ఇంటాయన గది ఖాళీ చెయ్యమన్నడు. నాకు గదొక్కటే బాధ కాదు అంకుల్. మీ ఆఫీసుల ఎవరో పైసలు తీసుకుని నా కాయితం అమ్ముకున్నరు. ఎవరో మీరే కనుక్కోవాలె. నాకు ఇక్కడ తెలిసింది మీరొక్కరే."

"కనుక్కుంటానమ్మా," అన్నాడు ఆయన.

కనుక్కోవడానికి ఏముంది? ఆమె వెళ్లాక ఫైలు తెరిచి తన సంతకం తానే చూసుకున్నాడు. ఎవడో లంచం తిని అమ్మి ఉంటే వాణ్ణి తిట్టిపోసి మనసు చల్లార్చుకునేవాడు. ఇక్కడ దొంగా లేడు, లంచమూ లేదు. రూలు తెలిసిన మనిషి మాత్రమే ఉన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ మాట ఆ పిల్లకు చెప్పడానికి నోరు రాలేదు. పదవీ విరమణకు దగ్గరపడిన వయసులో ఒక చిన్నపిల్ల ముందు తలవంచుకుని నిలబడటం ఆయన వల్ల కాలేదు. దానికి బదులు, క్యాన్ల సంగతి ఇంట్లో చెప్పి మీ ఆంటీని భయపెట్టవద్దని చెప్పి, ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు.

భార్య అన్నపూర్ణేశ్వరి సంబరపడిపోయింది. కూతురు పెళ్లయి వెళ్లినప్పటినుంచి ఆ గదిలో ఉల్లిపాయలూ పాత సూట్‌కేసులూ తప్ప మనిషి అలికిడి లేదు. "ఎంతకాలం కావాలంటే అంతకాలం ఉండమ్మాయ్. నాకూ ఈ హిందీ టీవీతో మాట్లాడే పీడ తప్పుతుంది," అంది. ప్రణతి ఆ ఇంట్లో ఇట్టే కలిసిపోయింది. ఆమెకు నీడ ఇచ్చాను గనక తప్పు సరిపెట్టేశానని అనంతరామయ్య తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకోవడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

కానీ ద్వారకలో వేసవి అంటే టాంకర్ల కాలం. కుళాయిలు ఎండిపోయి సొసైటీకి రోజూ టాంకరు రావాల్సిందే. గేటు దగ్గర ఇంజను చప్పుడు వినిపిస్తే ఆయన చేతిలో కాఫీ గ్లాసుతో సహా బాల్కనీలోకి పరుగెత్తేవాడు. నంబరు ప్లేటు చూసేవాడు. ఢిల్లీ బండి అయితే ఊపిరి పీల్చుకుని లోపలికి వచ్చేవాడు. "ఎప్పుడూ లేనిది టాంకర్ల మీద ఇంత ప్రేమేమిటండీ?" అని అన్నపూర్ణేశ్వరి నవ్వేది. ఆయన నవ్వలేకపోయేవాడు.

ఈలోగా టాంకర్ల ఆసామి అభ్యంతరం చెప్పడం, ప్రణతి దరఖాస్తును పైవాళ్లు తిరస్కరించడం జరిగిపోయాయి. ఆమె మళ్లీ అడుగుతానంది.

"కొన్నాళ్లు ఆగమ్మా," అన్నాడాయన.

"ఎందుకు అంకుల్? ఆయన వద్దంటే లెక్క మారుతదా?"

ఎందుకో చెబితే మొత్తం చెప్పాలి. అందుకని పత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసులో తన కింద పనిచేసే దశరథ్‌కి కూడా, ఇకమీదట దరఖాస్తులు ఎవరికీ జతచేయవద్దని చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి తన దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు. 'ఏం గురువుగారూ, ఎందుకూ?' అని అడుగుతాడు. అక్కడా అదే ప్రశ్న. అక్కడా నోరు మెదపలేదు.

అంతలో ఆయన్ని కొన్నాళ్లు వేరే ఊరికి శిక్షణకు పంపించారు. శిక్షణ కూడా సమాచార హక్కు చట్టం మీదే. పాఠం చెప్పే ఆయన మధ్యాహ్నం భోజనాల తరవాత, సగంమంది కునుకు తీస్తుండగా, "నోటీసులో అడిగిన సమాచారం ఏమిటో చెప్పండి చాలు, అడిగినవాళ్ల పేరూ ఊరూ మీరు మోసుకెళ్లి ఇవ్వక్కర్లేదు," అన్నాడు. అనంతరామయ్య ఒక్కడే నిద్రపోకుండా విన్నాడు. వెళ్లగానే దశరథ్‌కి చెప్పేయాలని ఆ క్షణాన గట్టిగా నిశ్చయించుకున్నాడు.

శిక్షణ ముగించుకుని ఆఫీసుకు వచ్చేసరికి దశరథ్ మొహం వెలిగిపోతోంది.

"మీరు లేరని పనేటీ ఆగలేదు గురువుగారూ. ఆ టాంకర్ల లెక్కల పిల్ల మళ్లీ దరఖాస్తు ఇచ్చింది. ఆ రోజే నోటీసు పంపించేశాను. అచ్చం మీ పద్ధతే. కాపీ జతచేయకుండా ఒక్క కాయితం కూడా బయటికి పోనేదు."

"అడ్రసు?" అన్నాడు అనంతరామయ్య.

"ఇప్పుడు ద్వారకలో ఉంతంది గావాల. కేరాఫ్ పేరేటీ నేదు, ఒట్టి ఫ్లాటు నంబరే రాసింది."

బల్ల మీద ఫోను మోగింది. అన్నపూర్ణేశ్వరి.

"ఏవండీ, ప్రణతి కోసం ఇద్దరు అబ్బాయిలు వచ్చివెళ్లారు. ఎంత మర్యాదస్తులో. అమ్మగారూ అన్నట్టు 'మా జీ' అంటూ వంగి దణ్ణం పెట్టారు. మనకు నీళ్ల ఇబ్బందని తెలిసి మంచినీళ్ల క్యాను కూడా తెచ్చారు. పిల్ల ఇంకా రాలేదు, ఈపాటికి మెట్రో దిగుతుంది, పార్కు పక్క సందులోంచి నడిచొస్తుందని చెప్పాను. ఎదురెళ్లి కలుస్తామన్నారు."

ఆయన ఆ ఫోను పెట్టేసి ప్రణతి నంబరు నొక్కాడు. తొందరలో ఒకసారి తప్పు నంబరు పడింది. రెండోసారి ఆమె ఎత్తింది.

"అంకుల్, దగ్గరికొచ్చేసిన. పార్కు కాడ ఉన్న. సందు మొదట్ల టాంకరు అడ్డం పెట్టిన్రు. యూపీ బండి. మన సొసైటీకేనా?"

"వెనక్కి తిరుగు తల్లీ. ఇంటికి రావద్దు. మెట్రోకి పో. జనం ఉన్నచోటే ఉండు."

"ఎందుకు?"

ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన ప్రశ్న. దశరథ్ ఎదురుగానే ఉన్నాడు. అనంతరామయ్య గోడవైపు తిరిగాడు.

"ఆ కాగితం ఎవరూ అమ్ముకోలేదమ్మా. నేనే పంపాను. నీ పేరూ, నీ గదీ అన్నీ నా చేత్తో పిన్ను గుచ్చి పంపాను. ఇప్పుడు మా ఇంటి అడ్రసు కూడా వాళ్లకు చేరింది. నువ్వు తిరుగు ముందు."

ఫోనులో చెప్పుల చప్పుడు వినిపించింది, మొదట నడక, తరవాత పరుగు. దూరంగా ఎవరో "దీదీ, సునియే" అని, ఒక్క మాట వినమన్నట్టు నెమ్మదిగా పిలిచారు. లైను తెగిపోయింది. ఆ తరవాత ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

చీకటిపడే వేళకు అన్నపూర్ణేశ్వరికి ఎవరో అమ్మాయి ఫోను చేసి, ప్రణతి తమ హాస్టల్లో ఉందనీ, సామాను తీసుకోవడానికి తాను వస్తాననీ చెప్పింది. వచ్చిన అమ్మాయి గడప బయటే నిలబడింది. మంచినీళ్లు ఇస్తే వద్దంది. ప్రణతి ఢిల్లీ వదిలి వెళ్లిపోతోందని మాత్రం చెప్పింది. వంటింటి మూల సీలు తీయని క్యాను అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

వానలు మొదలయ్యాక ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. అవే ముత్యాల్లాంటి అక్షరాలు. 'నేను అడిగిన లెక్కలు నాకు ఇక అవసరం లేదు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను.' దాని అడుగున 'కాపీ టు' అని రాసి, టాంకర్ల ఆసామి పేరు రాసింది. సమాచారం నిమిత్తం అని కూడా రాసింది. ఆఫీసు పద్ధతి ఒక్క మాట తప్పకుండా నేర్చుకుంది.

అనంతరామయ్య ఆ కాగితం పక్కన పెట్టి కవరు తిప్పి చూశాడు. దాని మీద పోస్టాఫీసు ముద్రలో ఊరిపేరు కనిపిస్తోంది. కవరును ముక్కలు ముక్కలుగా చింపి జేబులో వేసుకున్నాడు. ఉత్తరం దశరథ్‌కి ఇచ్చాడు.

"రిజిస్టర్లో ఎక్కించు. కాపీ ఆయనకి పంపు. ఇవాళే."

దశరథ్ కలం తీసి రాస్తూ రాస్తూ ఆగాడు. "దీనిమీద అడ్రసు నేదు గురువుగారూ. అడ్రసు నేకపోతే చెల్లదని మీరే కదా చెప్పారు. ఆ గడిలో ఏటి రాయమంటారు?"

"ఏమీ రాయకు," అన్నాడు అనంతరామయ్య.

దశరథ్ అయోమయంగా చూశాడు. అతను ఆ గడి ఖాళీగా వదిలి పేజీ తిప్పేదాకా అనంతరామయ్య పక్కనే నిలబడ్డాడు.