పళ్లెం అక్క, ఎర్ర కారు

బ్రేకుల మెకానిక్కు భార్యని ఆ వీధిలో అందరూ పళ్లెం అక్క అంటారు. ఆవిడకి కారు నడపడం రాదు, నేర్చుకోవాలన్న సరదా కూడా ఎప్పుడూ కలగలేదు. అయినా ముప్పై ఏళ్లుగా ఆవిడ ఎక్కి కూర్చోకుండా మొగుడి షెడ్డులోంచి ఒక్క బండీ బయటికి పోలేదు.

పని పూర్తయ్యాక మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "ఏమేవ్, రా" అంటాడు. ఆవిడ ఎండు బఠాణీలు పోసుకున్న అంచు పళ్లెం పట్టుకొచ్చి ముందు సీట్లో కూర్చుంటుంది. రాళ్లు ఏరే పని ఎలాగూ ఉన్నదే, ఇంట్లో ఏరితేనేం, కార్లో ఏరితేనేం. గోదాముల వెనక తిన్నని రోడ్డు మీద ఆయన వేగం పెంచి, ఒక్కసారిగా బ్రేకు తొక్కుతాడు. గింజలన్నీ ఒద్దికగా ముందు అంచుకి చేరి ఆగాయా, బండి బాగున్నట్టే. ఓ పక్కకి దొర్లాయా, ఆవిడ తల ఎత్తకుండానే, "ఎడమ చక్రం సరిగ్గా పట్టడం లేదు, విప్పండి" అంటుంది. ఆయన విప్పుతాడు. ఇంట్లో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా ఆవిడతో ఏకీభవించని మనిషి, ఆ ఒక్క మాటకి మాత్రం మారు పలకడు.

ఆవిడ తమ్ముడు బస్సు డ్రైవరు. రిటైరైన నెల తిరక్కుండానే ఓ పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ఎర్రగా, రెండే తలుపులతో, నేలకి కరుచుకున్నట్టు ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో అందులోకి దిగడానికే ఆయనకి పావుగంట పట్టేది.

"ఈ వయసులో ఇదేం పిచ్చిరా నీకు?" అంది అక్క.

"ముప్పై నాలుగేళ్లు బస్సు తోలానక్కా. జనం నా బండి వైపు చూసిందల్లా ఇంకా రాలేదేమని తిట్టుకోవడానికే. ఒక్కసారి, ఎవడో ఒకడు ఆగి ముచ్చటగా చూడాలి. ఆదివారం మా డిపో వాళ్లంతా కలుస్తున్నాం, తెలుసా?"

కారు నిండా సంబరమే గానీ ఒక్క దిగులు ఆయన్ని పీకుతూనే ఉంది. పెద్ద చక్రాల కమ్మీల సందుల్లోంచి చూస్తే వెనక బ్రేకు డిస్కు సాసరంత కనపడేది.

"పహిల్వానుకి పసిపిల్లాడి చెప్పులు తొడిగినట్టుంది బావా. వెనక పెద్దవి వెయ్యి" అన్నాడు.

"బ్రేకు తొక్కితే బరువంతా ముందుకి పడుతుందిరా. అసలు పని ముందు చక్రాలది. వెనకవి తోడుకే. అవి మరీ గట్టిగా పట్టాయనుకో, ముందే బిగుసుకుపోయి బండి తోక తిప్పేస్తుంది."

"నాకా చెబుతావు? నీకంటే ఎక్కువ బ్రేకులు తొక్కినవాణ్ని!"

"తొక్కావులే, బిగించలేదుగా."

మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ కాదనిపించుకున్నాడు. నాలుగోసారి అడగలేదు. పెద్ద మోడలు కారువి, పెద్ద డిస్కులూ వాటిని నొక్కిపట్టే ఎర్ర క్యాలిపర్లూ తనే కొని, తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు భుజాన వేసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. మెకానిక్కు చెయ్యి విరిగిన ఏడు ఈ బామ్మర్దే ఆరు నెలలు రోజూ డ్యూటీ దిగి, యూనిఫాం విప్పకుండా వచ్చి షెడ్డులో నట్లు బిగించాడు. అది గుర్తొచ్చి పెద్దాయన మెత్తబడిపోయాడు. "వెనక బ్రేకులకి పోయే ఒత్తిడి కాస్త తగ్గించి సర్దుతాలే" అని గొణిగి, తన నోటితో వద్దన్న పని తన చేత్తోనే చేశాడు. మొహమాటానికి మందు లేదు మరి.

శనివారం పొద్దున్న పళ్లెంతో వచ్చిన ఆవిడ చక్రాల వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఆయన ఆకాశం వంక చూశాడు. పళ్లెం సర్దుకొని ఎక్కింది.

తమ్ముడు రోడ్డు పక్కన నడుం మీద చేతులు పెట్టుకొని, పెళ్లికొడుకులా నిలబడ్డాడు. మెకానిక్కు మెల్లగా ఓసారి బ్రేకు వేశాడు. గింజలు కదల్లేదు.

"ఇంటికి పోదామా?" అన్నాడు, తొందరగా.

"అందరికీ తొక్కినట్టే తొక్కండి."

తొక్కాడు. గోదాము గోడ పక్కన ఇసక పేరుకున్న చోట వెనక చక్రాలు బిగుసుకుపోయి, కారు బొంగరంలా తిరిగి అడ్డంగా ఆగింది. అద్దంలోంచి గోడ ఇటుకలు లెక్కపెట్టుకునేంత దగ్గరగా కనిపించాయి. పళ్లెం ఆవిడ ఒళ్లోనే ఉంది, ఖాళీగా. గింజలు ఆవిడ జుట్టులో, ఆయన చొక్కా జేబులో, సీటు సందుల్లో.

తమ్ముడు మోకాళ్ల నొప్పి మరిచిపోయి పరుగెత్తుకొచ్చాడు. ముందు తేరుకున్నది ఆవిడే.

"ఏరండి. ఇద్దరూనూ. ఒక్కటి తక్కువైనా ఊరుకోను."

ఆ ఇద్దరు పెద్దమనుషులూ సీట్ల కింద తలలు దూర్చి బఠాణీలు ఏరారు. ఏరుతూనే మెకానిక్కు, "ఇంకాస్త సర్దితే..." అన్నాడు.

"సర్దుకోండి. నేను మాత్రం ఎక్కను."

ఎక్కనంటే బండి కదలదనే లెక్క. తమ్ముడికి తల తీసేసినట్టయింది. "నీకేం తెలుసక్కా? బ్రేకు ఎక్కడుంటుందో కూడా తెలీదు నీకు!"

"తెలీదు. నువ్వు ఎక్కడున్నావో రోజూ సాయంత్రం తెలిస్తే చాలు నాకు. ముప్పై నాలుగేళ్లు నీ బస్సు డిపోకి చేరిందాకా మీ ఆవిడ ఎలా కూర్చునేదో చూసినదాన్ని. ఇప్పుడు ఈ సోకు కోసం మళ్లీ కూర్చోబెడతావట్రా ఆ పిల్లని?"

ఆ పిల్లకి అరవై దగ్గరపడ్డాయి. తమ్ముడు తలొంచుకొని అరచేతిలో గింజలు లెక్కపెట్టుకున్నాడు. "విప్పెయ్ బావా" అన్నాడు. ఆ గొంతు విని ఆవిడ మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నం పాత చిన్న క్యాలిపర్లు మళ్లీ బిగించబోతుంటే ఆవిడ షెడ్డులోకి వచ్చి, "ఆగండి. ఆ మసి కడగండి ముందు. వేడికి ఊడిపోని రంగు ఉందా?" అంది.

"ఎరుపు ఉంది."

"ఎర్ర కారుకి ఎరుపేస్తే ఎవడికి కనపడుతుంది, మీ తలకాయ! పసుపు తెండి."

తెచ్చారు. ఆవిడే కుంచె పట్టుకుంది. మూడు పూతలు వేసి, ఆరనిచ్చి, బిగించాక దూరంనుంచి చూస్తే, అంత చిన్న బ్రేకూ కమ్మీల వెనక పొద్దుతిరుగుడు పువ్వులా మెరిసింది. మళ్లీ పళ్లెం తెచ్చుకొని ఎక్కింది. అదే ఇసక మీద తొక్కితే గింజలు ముందు అంచుకి చేరి బుద్ధిగా ఆగాయి. పెద్ద డిస్కు ఒకటి ఇప్పుడు షెడ్డు ముందు వేలాడుతోంది. అన్నానికి పిలవాలంటే ఆవిడ దాని మీద బోల్టుతో కొడుతుంది.

ఆదివారం సాయంత్రం ఎర్ర కారు వీధిలోకి రాకముందే దాని హారన్ వినపడింది. తమ్ముడు పావుగంట పట్టకుండానే దిగేశాడు.

"అక్కా! మా పాత కండక్టరు ఆగాడు. వెనక చక్రం దగ్గర వంగి మరీ చూశాడు, చాలాసేపు!"

"ఏమన్నాడు?"

తమ్ముడు కాస్త నీళ్లు నమిలాడు. "టైర్లో గాలి తక్కువుందన్నాడు."

మెకానిక్కు నవ్వాపుకోలేక పంపు తేవడానికి లోపలికి పోయాడు. పళ్లెం అక్క మాత్రం నవ్వలేదు.

"వంగాడా లేదా?" అంది.

"వంగాడక్కా!" అన్నాడు తమ్ముడు, మొహం చేటంత చేసుకొని.