సుభద్రమ్మ తీసిన సూర్యుడు

పెనిమిటి నరసింగరావు పోయాక ఏడాది తిరక్కుండానే సుభద్రమ్మ అతని ఫొటో స్టూడియో తలుపులు తీసింది. శ్రీకాకుళం బజారు బుగ్గలు నొక్కుకుంది. పెళ్లిళ్లకు ఆమెను ఎవరూ పిలిచేవారు కారు. బొట్టులేని మనిషి కెమెరా వెనక నిలబడితే శుభమా అని. బడిపిల్లల గ్రూపులు, సంబంధాలకు పంపే ఆడపిల్లల ఫొటోలు, అవే ఆమె పని.

మధ్యాహ్నాలు ఖాళీ. నరసింగరావు బతికుండగా కళింగపట్నం రేవులో ఓడ నడిపే ఒక ముసలి సరంగు దగ్గర ఇత్తడి దుర్భిణి కొన్నాడు. దాంతో సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్లు పోతాయనీ, తెల్లకాగితం మీద పడనిచ్చి చూడాలనీ భార్యకు నేర్పింది అతనే. సుభద్రమ్మ డార్క్‌రూము పడమటి కిటికీకి చెక్క కొట్టి, దానికి కన్నం పెట్టి, గుడ్డ చుట్టిన దుర్భిణిని అందులో దూర్చింది. ఎదురుగా అట్టమీది కాగితంపై కొబ్బరికాయంత వెలుగు పడింది. ఆ వెలుగులో నల్లటి మచ్చలు.

పక్కన కెమెరా పెట్టి ఫొటో తీసింది. మర్నాటికి మచ్చలు కాస్త జరిగాయి. ఆ మర్నాటికి ఇంకాస్త. సూర్యుడూ తనచుట్టూ తాను తిరుగుతాడని పెనిమిటి చెప్పిన మాట కళ్లముందు నిజమైంది. అది అరవై ఎనిమిదో సంవత్సరం. ఆ రోజుల్లో సూర్యుడిమీద మచ్చలకు కరువు లేదు.

ఫొటోలను వరసగా అతికించి వీధివైపు అద్దాలపెట్టెలో పెట్టింది. ఆదివారం అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లే జనం ఆగి చూశారు. సాయంత్రానికి బావగారు జగన్నాధం వచ్చాడు. స్టూడియో నడుస్తున్న గది ఆయనదే.

"ఏటమ్మా ఇది? దేవుడి మొకం మీద మచ్చలెట్టి బజార్న నిలబెడతావా?"

"నాను ఎట్టలేదు బావగారూ. ఉన్నవే తీసినాను."

"ఆడపిల్లల మొకాలకి పెన్సిల్‌తో టచింగ్ సేస్తావు కదా. దీనికీ సేసీ. మచ్చలు పోతాయి."

"పిల్లలు అడుగుతారు, సేస్తాను. సూరీడు నన్ను అడగలేదు."

జగన్నాధం మొహం ఎర్రబడింది. "అసలవి మచ్చలే కావు. నీ దుర్భిణి అద్దం మీద దుమ్ము."

దేవుడికి అపచారమంటే సుభద్రమ్మ ఊరుకునేదేమో. తన ఫొటో అబద్ధమనేసరికి ఒళ్లు మండింది.

"వచ్చే ఆదివారం మద్దేనం రండి. మీకు తోసినోళ్లందర్నీ తీసుకురండి. అందరి ముందరా సూపిస్తాను."

ఆయన తీసుకొచ్చాడు. గదిలో పట్టినంతమంది లోపలికొచ్చారు. జగన్నాధం మాత్రం అరుగుమీదే ఆగాడు. సుభద్రమ్మ కాగితాన్ని పక్కకు లాగింది. మచ్చలు కదల్లేదు. దుర్భిణిని చేత్తో గుండ్రంగా తిప్పింది. మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి.

"దుమ్మయితే అద్దంతోపాటు తిరగాలి కదా," అంది గట్టిగా, బయటికి వినబడేలా.

ఎండుచేపలు అమ్మే దాలమ్మ గంప గుమ్మంలో దించి వచ్చి, కాగితం దగ్గరికి వంగింది. చిన్నప్పుడు మశూచి సోకి ఆమె మొహమంతా గుంటలు పడింది.

"సూరీడికి కూడా అమ్మోరు పోసిందేటమ్మా?"

చీకటిగదిలో నవ్వులు లేచాయి. పెనిమిటి పోయాక ఆ గదిలో సుభద్రమ్మ పైకి నవ్వడం అదే మొదలు.

"ఇన్ని మచ్చలున్నా ఎలగ ఎలుగుతన్నాడో సూడు," అంది దాలమ్మ. "నాకూ ఓ ఫొటో తియ్యమ్మా. ఈ మొకంతోనే."

జగన్నాధం అరుగు దిగి వీధిలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "సూసినా ఒప్పుకోను," అన్నాడు. ఆ నెల తిరక్కుండానే గది ఖాళీ చెయ్యమన్నాడు. సుభద్రమ్మ బతిమాలలేదు. తెర, స్టూళ్లు, కెమెరా బండికెత్తించి నాగావళి ఒడ్డున ఒక రేకుల షెడ్డులో దిగింది. తెర కట్టకముందే పడమటి గోడకు కన్నం పొడుస్తూంటే షెడ్డు యజమాని నూకయ్య లబలబలాడాడు.

"వానొస్తే తడిసిపోద్దమ్మా."

"వానొస్తే మూస్తాను. ఎండొస్తే తెరుస్తాను."

కొత్తచోట అద్దాలపెట్టె లేదు. సూర్యుడి ఫొటోలను ఇంకా పెద్దవిగా వేసి గుమ్మానికి రెండుపక్కలా మేకులు కొట్టి తగిలించింది. రథసప్తమినాడు జగన్నాధం ఎక్కిన రిక్షా ఆ దారినే వచ్చింది. ఆయన చూపు ఆ ఫొటోలమీద పడింది. వాటి నడుమ కూర్చున్న సుభద్రమ్మ బావగారిని చూసి మర్యాదగా లేచి నిలబడింది. ఫొటోలకు అడ్డం మాత్రం రాలేదు.