ఇంటిపేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు

నిన్న మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే మా ఐసీయూ నుంచి ఫోన్.

"విజయ సిస్టర్ పోయారండి."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మొన్ననే కదా చూసొచ్చాను! బీపీ నిలబడింది అన్నారు కదా!

విజయ సిస్టర్ మా రాజమండ్రి ఆసుపత్రిలో రీసెర్చ్ నర్సు, నేను ఐసీయూ నర్సుని. రోజూ కొవ్వూరు నుంచి ఇద్దరిదీ ఒకటే బస్సు.

వెంటిలేటర్ మీదున్న వాళ్ళకి మత్తు తగ్గిస్తే త్వరగా కోలుకుంటారా అని మా దగ్గర ఒక స్టడీ. పొద్దున్నే మత్తు ఆపాలి, పేషెంట్‌ని పేరు పెట్టి పిలవాలి, కళ్ళు తెరిచి చూస్తే ఎంత మెలకువగా ఉన్నారో స్కోర్ వేయాలి.

అంతకు ముందు సిస్టర్ బయట కూర్చున్న చుట్టాల దగ్గరికి వెళ్ళేవారు. "ఇంట్లో ఏమని పిలుస్తారండి?"

ఒకసారి గోదావరిలో చేపలు పట్టే ఆయన ఆ స్టడీలోకి వచ్చాడు. నేను హడావిడిలో వాళ్ళావిడని "ఇంటి పేరేంటమ్మా?" అని అడిగేశాను. పాపం ఆవిడ ఇంటిపేరే చెప్పింది. నేను మంచం పక్కన నిలబడి రేషన్ షాపులో పిలిచినట్టు ఇంటిపేరు పెట్టి ఒకటే అరుపులు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

సిస్టర్ పొట్ట పట్టుకుని నవ్వి, మళ్ళీ వెళ్ళి అడిగారు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పేరెట్టి ఎప్పుడు పిలిచానండీ? ఇదిగో, ఏవయ్యో అంటానండి."

సిస్టర్ ఆయన చెవి దగ్గర వంగి, అచ్చం ఆవిడలాగే సాగదీశారు. "ఇదిగో... ఏవయ్యో!"

కళ్ళు తెరిచాడు! ఇంట్లో ఏం తప్పు చేశానో అన్నట్టు బెదురు చూపులు కూడాను. ఐసీయూ అంతా నవ్వులే.

సిస్టర్ మాత్రం డాక్టర్ గారితో వాదన పెట్టుకున్నారు. "ఏ పేరుతో పిలిచామో కూడా రాయాలండి. లేకపోతే ఆ స్కోర్‌కి అర్థమేంటండి?"

పోయిన వారం బ్రెయిన్‌లో బ్లీడింగ్ అయి విజయ సిస్టరే అదే ఐసీయూలో పడ్డారు.

మత్తు ఆపిన రోజు డ్యూటీలో ఉన్న అమ్మాయి నన్ను అడిగింది. "మేడం, విజయ సిస్టర్‌ని ఇంట్లో ఏమని పిలుస్తారండి?"

నాకు తెలీదు.

ఎవరికీ తెలీదు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నా లేరు. ఒక్కరే ఉండే ఇంట్లో ఎవరు ఎవర్ని పిలుస్తారు?

సిస్టర్ అన్నాం. విజయకుమారి గారూ అన్నాం. అందరం మార్చి మార్చి పిలిచాం. తెరవలేదు.

అంతమందిని అడిగిన మనిషి తన సంగతి ఒక్కరికైనా చెప్పొద్దా? నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

కబురు ఎలా తెలిసిందో, ఇవాళ పొద్దున్న జంగారెడ్డిగూడెం నుంచి వాళ్ళ పెద్దమ్మ గారు వచ్చారు. వస్తూనే సిస్టర్ మీద పడిపోయారు.

"బుల్లెమ్మా! ఓ బుల్లెమ్మా! లేవవే!"

నేను గబుక్కున ఆ కళ్ళ వైపు చూశాను. నర్సుని, నాకు తెలుసు. అయినా చూశాను.

బుల్లెమ్మక్కా, ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి ఇలా పిలవడం. ఇప్పుడిక పలకక్కర్లేదులే. హాయిగా పడుకో.