చెయ్యి మొలిచిన వీరుడు

పొద్దున్నే ముఖం కడుక్కున్నాక గొడ్డలక్క చేసే మొదటి పని ఒక మనిషిని నరకడం. బీరువా అద్దం ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడుతుంది. మడిచిన గొడుగును తలపైకెత్తి, దవడ బిగించి, ఎదురుగా లేని మెడ మీదికి దించుతుంది. అక్కడే ఆగి, భుజం ఎంత లేచిందో నడుము ఎటు తిరిగిందో చూసుకుని, గబగబా బల్ల దగ్గరికెళ్ళి గీసేస్తుంది. వీధి పూర్తిగా లేవకముందే ఆ బల్ల మీద నాలుగైదు తలలు తెగి ఉంటాయి.

బొద్దింకను కూడా చీపురుతో బయటికి తోసేదే తప్ప చంపే మనిషి కాదు. గొడ్డలక్క అన్న పేరు పెట్టింది బొమ్మల పుస్తకాల సంపాదకుడు. ఎంత కథనైనా సగానికి కోసేస్తాడని ఆయన్ని కత్తెర మాస్టారంటారు. పద్దెనిమిదేళ్ళు ఆమె ఇతరుల బొమ్మలకు సిరా దిద్దింది, వెనక కొండలూ గుర్రాలూ గీసింది. ఏ అట్ట మీదా ఆమె పేరు పడలేదు. నలభై నాలుగో ఏట, ఓడల్లో వచ్చి ఊళ్ళు దోచే వైకింగుల సీరియల్ ఆమె చేతికొచ్చింది. టీవీలో జనం ఊగిపోయి చూసిన ఆ కథను బొమ్మల పుస్తకాలుగా గీయాలి. అట్ట మీద ఆమె పేరుంటుంది. షరతొక్కటే. ప్రతి పుస్తకాన్నీ సీరియల్ తీసినవాళ్ళ తరఫు మేడమ్ చూసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే మిగతా పుస్తకాలు వేరే చిత్రకారుడికి పోతాయి.

మొదటి రెండూ గట్టెక్కాయి. మూడో పుస్తకంలో నాయకుడి సొంత అన్నే విందు బల్ల దగ్గర అతని ఎడమ చేతిని మోచేతి కింద నరికేస్తాడు. నాయకుడు చావడు. చలికాలం దాటాక, మిగిలిన కుడి చేత్తో గొడ్డలి పట్టుకుని ఓడల్లో తిరిగొస్తాడు. అన్న ఇంటి తలుపులకు బయట గడియ పెట్టి నిప్పంటిస్తాడు. కిటికీల్లోంచి దూకినవాళ్ళను దూకినట్టే నరుకుతాడు. మొత్తం పద్నాలుగు పేజీలు. గొడ్డలక్క ఎడమ చెయ్యి వెనక్కి మడిచి, కుడి చేత్తో గొడుగు ఝళిపిస్తూ అద్దంలో చూసుకుని గీసింది. పుర్రెలు పగిలాయి. పళ్ళు రాలాయి. ఒక ముసలాయన తన పేగుల్ని తానే ఒడిలో పట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

మేడమ్ వచ్చేది శుక్రవారం. సోమవారం సాయంత్రం గొడ్డలక్క తమ్ముడు ఆ పేజీలు తిరగేశాడు. అతను అచ్చాఫీసులో కాగితాలు కోసే మెషిన్ దగ్గర పనిచేసేవాడు. ఆరేళ్ళ కిందట ఆ కత్తి అతని ఎడమ చేతినీ మోచేతి కిందే తీసుకుంది. అప్పట్నుంచి అక్క దగ్గరే ఉంటున్నాడు. దాని గురించి ఎవరైనా అడిగితే చేతికందింది విసిరేస్తాడు. ఆ ఇంట్లో గాజు గ్లాసులు ఉండవు.

"అక్కా, వీడికి చెయ్యి మళ్ళీ మొలిచిందేంటే?"

"ఏ చెయ్యి?"

"తెగింది ఎడమది కదా. ఎడమ చేత్తోనే అందర్నీ నరుకుతున్నాడు. కుడిది ఓడలో మర్చిపోయొచ్చాడా?"

గొడ్డలక్క పేజీ లాక్కుంది. ముఖాన్ని సీరియల్ ఫొటోల్లోంచి తీసింది, ఒంటిని అద్దంలోంచి. అద్దంలో తన కుడి చెయ్యి, ఎదురుగా ఉన్నవాడికి ఎడమ చెయ్యి. వీరుడు రెండు చేతులా గొడ్డలి పట్టుకున్నంతకాలం ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

కత్తెర మాస్టారు ఫోన్‌లో తేలిగ్గా తీసుకున్నాడు. "బొమ్మల్ని అటుదిటు తిప్పి అచ్చేద్దామమ్మా. పోయేదేముంది?"

"వీరుడి చెంప మీద గాటు రెండో చెంపకి పోతుంది సార్. దండయాత్రకొచ్చిన సైన్యం వెనక్కి తిరిగి ఓడలెక్కి పారిపోతున్నట్టుంటుంది."

"మరి శుక్రవారానికి పద్నాలుగు పేజీలు మళ్ళీ గీస్తావా? నీకేమన్నా పది చేతులున్నాయా?"

"ఉన్న రెంటితోనే ఇంత నిర్వాకం చేశాను సార్."

ఫోన్ పెట్టేసరికి తమ్ముడు చెయ్యి తెగే పేజీ దగ్గరే ఆగి ఉన్నాడు. చెయ్యి గాల్లోకి ఎగిరింది, నెత్తురు పైకప్పు దాకా చిమ్మింది.

"ఇదీ తప్పే."

"సీరియల్లో ఉన్నట్టే గీశాన్రా."

"వాడిది తెగిందా? నాది తెగింది." ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట అన్నాడు. "ముందు నొప్పుండదు. చల్లగా ఉంటుంది. కత్తి పైకెళ్ళిపోయాక కూడా నా వేళ్ళు కాగితాల కట్టని పట్టుకునే ఉన్నాయి. వదలండ్రా అని వాటికి చెప్తున్నా. అరిచింది నేను కాదు, పక్క మెషిన్ వాడు."

గొడ్డలక్క ఆ పేజీని పక్కకు తీసిపెట్టింది. "రేపు నాకు నిలబడతావా? నిన్ను చూసి గీస్తాను."

సిరా బుడ్డి గోడకు తగిలి పగిలింది. "నన్ను బొమ్మ చేసి అమ్ముకుంటావా?"

"లేకపోతే అట్ట మీద నా పేరు పోతుందిరా. అంతే. ఇంకే గొప్ప కారణమూ లేదు."

తమ్ముడు తలుపు దడాలున వేసుకుని లోపలికెళ్ళాడు. తెల్లారి ఆమె లేచేసరికి చొక్కా విప్పి, గొడుగు పట్టుకుని గది మధ్యలో ఉన్నాడు.

"ఎవణ్ణి చంపాలో చెప్పు."

కుర్చీకి దిండు కట్టింది. అతను గొడుగుతో దాన్ని బలంగా కొట్టాడు. ఒంటి చేత్తో కొడితే ఒళ్ళంతా దెబ్బ వెంటే పోతుందని, ఆపడానికి రెండో చెయ్యి ఉండదని ఆమెకు అప్పుడే తెలిసింది. తమ్ముడు బీరువాకు కొట్టుకుని కింద పడ్డాడు. పెదవి చిట్లింది.

"అలాగే ఉండు! కదలకు!"

"రాక్షసివే నువ్వు," అన్నాడు నేల మీంచే.

రెండో రోజుకి అతను దిండును కొట్టడం మానేసి, కత్తికి చెయ్యి తగలకుండా మెషిన్‌కి ఉండే అడ్డుపలక తీసేయించిన మేనేజర్ని కొట్టసాగాడు. పేరు పెట్టి తిడుతూ, ఏడుస్తూ, దూది గదంతా ఎగిరేదాకా కొట్టాడు. గొడ్డలక్క ఆపలేదు. గీస్తూనే ఉంది.

శుక్రవారం మేడమ్ పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. నాయకుడు ప్రతి దెబ్బకీ పడుతున్నాడు, మోకాలి మీద లేస్తున్నాడు, శవం రొమ్ము మీద కాలు పెట్టి గొడ్డలి పీకుతున్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పి విందు పేజీ దగ్గర ఆగింది. నెత్తురు చిమ్మడం లేదు. తెగిన చెయ్యి బల్ల మీద పడి ఉంది, వేళ్ళు ఇంకా గిన్నెను వదల్లేదు.

"మా సీరియల్లో ఇలా లేదే," అంది.

"కోసేద్దాం మేడమ్, ఎంతసేపు," అన్నాడు కత్తెర మాస్టారు.

అలాంటి చోట ఎప్పుడూ నోరు విప్పని గొడ్డలక్క అంది: "అది కోస్తే నా పేరు కూడా కోసెయ్యండి సార్."

మేడమ్ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎవర్ని చూసి గీశారు?"

"మా తమ్ముణ్ణి."

మేడమ్ ఇంకోసారి ఆ పేజీ చూసి, కలం తీసి సంతకం పెట్టింది.

గొడ్డలక్క ఇప్పుడు ఆరో పుస్తకం గీస్తోంది. తమ్ముడు వారానికి మూడు పూటలు ఆమెకు నిలబడతాడు.