రైసుమిల్లు మిద్దె మీద పుట్టిన పిల్లకు పతకం

బళ్లారి జిల్లా తెక్కలకోట పక్క పల్లెలో నాగలక్ష్మమ్మ చాలా ఏళ్లు నాట్లకు పోయి బతికింది. ఇప్పుడు నడుము వంగక, కొత్త కాలనీలో ఇంటిముందరే పొద్దునపూట ఉగ్గాని, బజ్జీలు చేసి అమ్ముతుంది.

రెండువేల తొమ్మిదిలో ఏరు ఊరిమీదికి వచ్చినప్పుడు, తప్పించుకోలేనివాళ్లంతా రైసుమిల్లు మిద్దె ఎక్కారు. పక్కింటి హొన్నూరమ్మ నిండుచూలాలు. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. నాగలక్ష్మమ్మ అంతవరకు బర్రెలకే తప్ప మనిషికి కాన్పు చేసింది లేదు. అయినా ఆడవాళ్లను చుట్టూ నిలబెట్టి, వానకు అడ్డంగా టార్పాలిన్ పట్టించింది. హొన్నూరమ్మ కన్నడంలో దేవుళ్లకు మొక్కుకుంటుంటే, ఈమె తెలుగులో ధైర్యం చెబుతూ బిడ్డను బయటికి తీసింది. బిడ్డ ఏడవలేదు. నాగలక్ష్మమ్మ దాని వీపు రుద్దుతూనే ఉంది. చాలాసేపటికి సన్నగా ఏడుపు వినిపించింది. మిద్దె మీద మగవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆ బిడ్డే మహాదేవి.

మొన్న అక్టోబరులో ఊరి యువక సంఘం, ఆనాడు మిద్దె మీద బతికి బయటపడ్డవాళ్లకు ఇత్తడి పతకాలు చేయించి, బడి ముందర సభ పెట్టింది. సంఘం అధ్యక్షుడు చక్రధర్ ఒక్కొక్కరినే పిలిచి మెడలో వేశాడు. అతనూ ఆ మిద్దె మీద ఉన్నవాడే. నాగలక్ష్మమ్మ పతకం వేయించుకుని, దిగకుండా అక్కడే నిలబడింది.

"చక్రధరప్పా, హొన్నూరమ్మ బిడ్డను ఏల పిల్వలేదు?"

మిద్దె ఎక్కినవాళ్లకే చేయించామని, మహాదేవి అప్పటికింకా పుట్టలేదు కదా అని అతను సర్దిచెప్పబోయాడు.

"ఎక్కినోళ్లను లెక్కేసినారు. దిగినోళ్లను లెక్కేయండప్పా, ఒకరు ఎక్కువుంటారు."

సభంతా నవ్వింది. చక్రధర్ కూడా నవ్వేసి, మైకులో మహాదేవి పేరు పిలిచాడు. పతకాలు అయిపోవడంతో తన మెడలోది తీయబోయాడు. నాగలక్ష్మమ్మ వద్దని, తనదే తీసి ఆ పిల్లకు వేసింది. కాలేజీలో పీయూసీ చదివే మహాదేవి సిగ్గుపడుతూ, మరి నీకో అవ్వా అని అడిగింది.

"నాకింకోటి చేయిస్తాడులే. ఇట్ల తిరుగు, మీయమ్మ చూడాల."

హొన్నూరమ్మ ముందువరసలో కూర్చుని చూస్తూనే ఉంది. భోజనాల దగ్గర నాగలక్ష్మమ్మను లాక్కెళ్లి పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె ఆకులో రెండోసారి పప్పు పూర్ణం పెట్టిన హోళిగ వేయించింది.

చక్రధర్ తర్వాత బళ్లారిలో ఇంకో పతకం చేయించి తెచ్చిచ్చాడు. అది టీవీ పక్కన మేకుకు వేలాడుతోంది. ఎవరైనా అడిగితే నాగలక్ష్మమ్మ పతకం సంగతి రెండు మాటల్లో తేల్చేసి, కాన్పు సంగతి మాత్రం తీరిగ్గా కూర్చుని చెబుతుంది.