నాన్నను అడిగిన ముసలాయన

నాన్న కాలేయంలోని కేన్సర్ గడ్డ తీయించాల్సి వచ్చింది. ఆసుపత్రి నుంచి దువ్వాడ వెళ్లే బస్సులో తమ్ముడితో ఫోన్లో వాదిస్తున్నాను. పొట్ట కోసి తీయిస్తేనే నమ్మకమని వాడి మాట.

"ఈ వయసులో అంత కోత మనిసి తట్టుకోలేడ్రా. రోబోతో అయితే సిన్న సిన్న కన్నాలే," అన్నాను, బస్సంతా వినేలా. కిటికీ పక్కన కూర్చున్న నాన్న కూడా విన్నారు.

ముందు సీటులో ఉన్న ఎవరో ముసలాయన వెనక్కి తిరిగాడు. నన్ను వదిలేసి నాన్నను అడిగాడు.

"నీకేది సేయించుకోవాలనుంది బావా?"

నాన్న కాసేపు నా మొహంలోకి చూశారు.

"నాకేది కావాలో మావోడింకా సెప్పనేదు," అన్నారు.

ముసలాయన గాజువాకలో దిగబోతూ నాన్న భుజం ఒకసారి పట్టుకుని వదిలాడు.

దువ్వాడ వచ్చేదాకా నేను కిటికీ వైపు తల తిప్పలేకపోయాను.